కొత్త మెమరీ వేశాక మూగబోయిన కంప్యూటరు

మా మేనకోడలు ఈ మధ్యే కంప్యూటర్ సర్వీసు ఉద్యోగంలో చేరింది. చేరిన మొదటి ఆదివారమే ఇంటికొచ్చి, "మావా, ఇన్నేళ్ళు ఈ పనే సేసినావు గదా, ఏటుంటాది ఇందులో? స్క్రూలు విప్పడం, బిగించడమేనా?" అని అడిగింది. కోపమొచ్చింది. తర్వాత నవ్వొచ్చింది. నిజానికి చూసేవాళ్ళకి మేము చేసేది అంతే. విప్పుతాం, ఊదుతాం, బిగిస్తాం, వెళ్ళిపోతాం. ఆ మధ్యలో ఏముంటుందో దానికి నోటితో చెప్పబోయి సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను. ప్రమోషన్లూ బదిలీలూ ఇందులో ఉండవు. అవి ఏ ఉద్యోగంలోనైనా ఒకటే, ఎవరికీ ఉపయోగపడవు కూడా.

సంచీ, పాసింజరు బండి

మా ఆఫీసు విజయనగరంలో ఒక మేడ మీద రెండు గదులు. ఇటు కొత్తవలస నుంచి అటు ఇచ్ఛాపురం దాకా ఎక్కడ కంప్యూటరు మొరాయించినా మేమే పోవాలి. భుజాన సంచీ, అందులో స్క్రూడ్రైవర్లు, మెత్తటి కుంచె, స్పిరిట్ సీసా, పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరు, పరీక్షించడానికి ఒక మంచి మెమరీ ముక్క. పొద్దున్నే పాసింజరు ఎక్కితే ఉడకబెట్టిన వేరుశనక్కాయల వాసనతో, చీపురుపల్లిలో ఎక్కే టీచరమ్మల కబుర్లతో ప్రయాణం తెలిసేది కాదు. ఇప్పటికీ రైలు కూత వినిపిస్తే నా కుడి చెయ్యి సంచీ పట్టీ కోసం వెతుక్కుంటుంది.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ఊళ్ళూ నాకు గుళ్ళ వల్లా, తీర్థాల వల్లా తెలియలేదు. కంప్యూటర్ పెట్టెల లోపల పేరుకున్న దుమ్ము వల్ల తెలిశాయి. రైస్ మిల్లులో పెట్టె తెరిస్తే తవుడు. బడిలో తెరిస్తే సుద్దపొడి. పలాసలో జీడిపప్పు బట్టీల పక్కన తెరిస్తే చేతికి జిడ్డుగా అంటుకునే నల్లటి మసి. కళింగపట్నం వైపు సముద్రపు గాలికి స్క్రూలు ఎర్రగా తుప్పు పట్టి తిరిగేవి కావు. కళ్ళకి గంతలు కట్టినా వాసన చూసి ఏ ఊరి పెట్టో చెప్పగలనని గొప్పలు పోయేవాణ్ణి. ఒకటి రెండుసార్లు తప్పాను కూడా, అది వేరే సంగతి.

పట్నాయక్ గారి ప్రశ్న

మా పై అధికారి పట్నాయక్ గారు. ఇచ్ఛాపురం వైపు మనిషి. పొట్టిగా, గంజి పెట్టిన పొందూరు ఖద్దరు చొక్కాతో ఉండేవారు. చొక్కా పాతబడితే పారేసేవారు కాదు, చిన్న ముక్కలు చేసి మాకు పంచేవారు. ఎన్నో ఉతుకులు చూసిన ఆ బట్ట పోగు రాల్చదు, గీతలు పెట్టదు. మెమరీ ముక్కలు తుడవడానికి అంతకంటే మంచి బట్ట నాకు ఇప్పటికీ దొరకలేదు.

ఆయనకి ముక్కు మీద కోపం. మెచ్చుకోవడం చేతకాదు. ల్యాప్‌టాపులు నాలుగు రోజుల ముచ్చటని గట్టిగా నమ్మారు, చివరిదాకా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. కానీ ఆయన నేర్పిన ఒక్క విషయం మీద నా ఉద్యోగమంతా నడిచింది. చెడిపోయిన యంత్రం దగ్గరికి వెళ్ళినప్పుడు "ఏం జరిగింది?" అని అడగాలి, "ఎవరు చేశారు?" అని అడగకూడదు.

ఒకసారి ఒక ఆఫీసుకి ఇద్దరం కలిసి వెళ్ళాం. అక్కడి పెద్ద గుమస్తా సిబ్బందినంతా వరసగా నిలబెట్టి, "ఎవడు ముట్టుకున్నాడు దీన్ని?" అని గుడ్లురుముతున్నాడు. ఎవరూ ముట్టుకోలేదు. దేవుడి మీద ఒట్టు, అసలా గదిలోకే ఎవరూ రాలేదట. పట్నాయక్ గారు ఆ పెద్దమనిషిని నెమ్మదిగా టీకి పంపించేసి, మిగిలినవాళ్ళ మధ్య కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మొన్నటిదాకా బాగానే నడిచిందేటి? ఈ మధ్యన గదిలో ఏటేటి జరిగింది, సెప్పండి తల్లీ" అన్నారు. టైపిస్టు మెల్లిగా నోరు విప్పింది. సున్నాలేశారు. బల్లలు జరిపారు. పెట్టె ఒకసారి కింద పడింది. అంతే, మాకు కావలసింది దొరికింది. లోపల ఊడిన తీగ బిగించి వచ్చేశాం.

రైల్లో తిరిగొస్తూ ఆయన అన్నది ఇదీ: "ఎవరని అడిగితే బయపడతారురా. బయపడినోడు నిజం సెప్పడు. నిజం తెలకపోతే నువ్వు బాగున్న మదర్‌బోర్డు మారుస్తావు." ఈ మాట కొత్తగా చేరినవాళ్ళు గోడ మీద రాసి పెట్టుకున్నా తప్పు లేదు.

మెమరీ వేశాక లేవకపోతే

మా పనిలో తరచుగా వచ్చే పిలుపు ఇదే. కంప్యూటరు నెమ్మదిగా నడుస్తోందని కొత్త మెమరీ కొంటారు, వేస్తారు. ఆన్ చేస్తే తెర నల్లగా ఉంటుంది, పెట్టెలోంచి కుయ్ కుయ్ మని అరుపు వినిపిస్తుంది. ఇంటిల్లిపాదికీ గుండె జారుతుంది. అరుస్తోందంటే ప్రాణం ఉందని అర్థం. నాకు మెమరీ కనబడటం లేదు మొర్రో అని అది మనకే చెబుతోంది. భయపడవలసింది అరవని కంప్యూటరుని చూసి.

ముందు కరెంటు తీగ పీకెయ్యాలి. ఆన్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు కూడా పోతుంది. మెమరీ ముక్కలన్నీ తీసేసి, పాతది ఒక్కటే పెట్టి చూడాలి. లేస్తే, కొత్తది ఒక్కటే పెట్టి చూడాలి. ఒక గాడిలో, అంటే స్లాటులో, లేవకపోతే రెండో గాడిలో పెట్టాలి. కొత్త రకం ముక్క పాత బోర్డుకి సరిపోదు, కింద ఉండే గంటు తేడాగా ఉంటుంది. బలవంతంగా దూరిస్తే గాడి విరుగుతుంది. గంటు సరిపోయినా కొన్ని బోర్డులు కొంత మెమరీ కంటే మించి తీసుకోవు. అది బోర్డు పుస్తకంలో ఉంటుంది, చదవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఒకసారికి ఒక్కటే మార్చండి. నాలుగూ ఒకేసారి మార్చేసి అది లేచి కూర్చుంటే ఎందుకు లేచిందో మీకు తెలియదు. అది రిపేరు కాదు, లాటరీ.

కొత్తవలసలో ఒక ఫొటో స్టూడియో ఆయన ఉండేవాడు. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఆల్బమ్‌లన్నీ ఆగిపోయాయని లబలబలాడుతూ ఫోన్ చేశాడు. వెళ్ళి చూస్తే కొత్త మెమరీ గాడిలో సగమే దిగి ఉంది. ఎందుకలా వదిలేశావంటే, "గట్టిగా నొక్కితే ఇరిగిపోద్దేమోనని సెయ్యి రాలేదు సార్" అన్నాడు. ఆయన బొటనవేళ్ళే ఆ ముక్క మీద పెట్టించి, పైనుంచి నా వేళ్ళతో నొక్కాను. పక్కనున్న రెండు కొక్కేలూ టక్కున మూసుకున్నాయి. ఆ చప్పుడు ఒకసారి వేళ్ళకి తెలిస్తే ఇక మరిచిపోరు. తర్వాత ఏడాది ఆయనే తన పక్క షాపు కంప్యూటరుకి మెమరీ వేశాడట.

ఇప్పటి సర్వీసు సెంటర్లలో ముందే "బోర్డు పోయింది" అనేస్తున్నారు. పెట్టె మూత తియ్యకుండానే అంటున్నవాళ్ళని నా కళ్ళతో చూశాను. ఆ మాట అనడం సులువు. ఇంటికెళ్ళి ఆ మాట మొయ్యాల్సిన వాళ్ళకి సులువు కాదు. కోటబొమ్మాళి సంగతి చెబితే నేనేమంటున్నానో మీకే తెలుస్తుంది.

కోటబొమ్మాళి

స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే ఊళ్ళలోకి వస్తున్న రోజులు. ఆఫీసుకి ఫోన్ వచ్చింది. అవతల నెమ్మదైన గొంతు. "సార్, నా పేరు సూర్యనారాయణ. కోటబొమ్మాళి దగ్గర పల్లె మాది. నాకు సూపు లేదు. నా కంప్యూటరు మాటాడ్డం మానీసినాది."

మొదట నాకు అర్థం కాలేదు. ఆయనే విడమరిచి చెప్పాడు. చిన్నప్పటి నుంచీ చూపు లేదు. బీఏ, బీఈడీ చదివాడు, ఎవరో ఒకరు చదివి వినిపిస్తే విని. ఏడాది కిందట వాళ్ళక్క కంప్యూటరు కొనిపెట్టింది. పుస్తకాలని స్కాన్ చేసి అందులో వేస్తే, తెర మీది అక్షరాలని అది పైకి చదివి వినిపిస్తుంది. అప్పటి నుంచీ ఎవరినీ అడగకుండా తనంతట తనే చదువుకుంటున్నాడు. పుస్తకాలు బరువెక్కి చదివే గొంతు మధ్యమధ్యలో ఆగిపోతోందని కొత్త మెమరీ తెప్పించాడు. అది వేశాక ఇలా అయింది. టీచరు ఉద్యోగం పరీక్ష దగ్గర పడింది. టెక్కలిలో ఒక షాపుకి తీసుకెళితే బోర్డు పోయిందన్నారు.

"ఏమైనా చప్పుడు చేస్తోందా?" అన్నాను.

"ఇనండి" అని ఫోన్‌ని పెట్టె దగ్గర పెట్టాడు. పొడుగ్గా, ఆగి ఆగి కూత. నాకు ప్రాణం లేచొచ్చింది. "మీ బోర్డు పోలేదండీ, రేపొస్తాను" అన్నాను. చూడకుండా అలా మాట ఇవ్వకూడదు, పట్నాయక్ గారు వింటే తిట్టేవారు. కానీ ఆ గొంతు విన్నాక ఊరుకోలేకపోయాను.

మర్నాడు స్టేషన్‌కి మోటారు సైకిల్ మీద ఆయన బావ వచ్చాడు. పేరు తవిటినాయుడు. టెక్కలిలో సెల్‌ఫోన్ రీచార్జి షాపు. శ్రీకాకుళంలో మెమరీ కొన్నదీ, వీడియో చూసి బిగించిందీ ఆయనే. దారి పొడుగునా ఆ వీడియో కథే చెప్పాడు. "వీడియోలో సూపించినట్టే సేసినాను సార్. ఒక్క తప్పు సెయ్యలేదు. ఆ కంపెనీదే లోపం" అని ప్రతి మలుపు దగ్గరా అన్నాడు. కోతలైపోయిన పొలాలు, అక్కడక్కడా గడ్డివాములు. మనసు బాగుంటే ఆ దారి ఎంత బాగుంటుందో.

ఇంటి ముందు గది. ఒక మూల బల్ల మీద కంప్యూటరు, దాని ముందు సూర్యనారాయణ, ఇంట్లో అందరికీ సూర్యం. ముప్ఫై లోపు వయసు, ఇస్త్రీ చొక్కా. చెయ్యి పట్టుకుని, "వచ్చినారా సార్" అన్నాడు. వాళ్ళమ్మ సింహాద్రమ్మ గారు మంచినీళ్ళు ఇచ్చి గుమ్మం వెనక్కి వెళ్ళిపోయింది. ముఖంలోకి చూడలేదు. పక్కింటి అమ్మాయి ఒకర్తె పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. రెండు పేజీలు చదివి పెట్టి, వంటకి వేళైందని లేచి వెళ్ళిపోయింది. సూర్యం వేళ్ళతో బల్ల అంచు రాస్తూ కూర్చున్నాడు. ఆయనకి ఏం పోయిందో నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

"మెమరీ ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఏమేం జరిగిందో వరసగా చెప్పండి" అన్నాను.

తవిటినాయుడు అందుకున్నాడు. కొన్నాడు, తెచ్చాడు, బిగించాడు, అరిచింది. కొత్తది తీసి పాతది పెట్టాడు, అయినా అరిచింది. రెండో గాడిలో పెట్టాడు, అక్కడా అరిచింది.

నాకు అది అంతుపట్టలేదు. కొత్తది పాడైతే పాతది పెట్టగానే లేవాలి. రెండూ, రెండు గాడుల్లోనూ అరవడమేమిటి? "తెచ్చిన తర్వాత, బిగించే ముందు?" అన్నాను.

"ఏటీ లేదు సార్."

మూత తీసి, మెమరీ ముక్క బయటికి లాగి, గాడిలోకి టార్చి వేశాను. అడుగున పసుపుపచ్చటి పొడి గట్టిపడి ఉంది. అక్కడక్కడా ఎర్రటి నలుసులు. ముక్కని తిప్పి చూశాను. బోర్డుకి తగిలే బంగారు రంగు పళ్ళ మీద మసక పూత. ఇంత సర్వీసులో తవుడు చూశాను, మసి చూశాను, బల్లి గుడ్లు చూశాను. ఇది మాత్రం మొదటిసారి. అది ఏమిటో చెప్పడానికి ఇంజినీరు అక్కర్లేదు, మన ఇళ్ళలో పుట్టినవాళ్ళెవరైనా చెబుతారు. ఎవరు పెట్టారన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, స్పిరిట్ సీసా తీస్తూ, "భయం లేదండీ, లోపల ఏదో అంటుకుంది, తుడిస్తే పోతుంది. కొత్త వస్తువు కదా, ముందు దేవుడి దగ్గర పెట్టారా?" అన్నాను.

గుమ్మం వెనక గాజులు కదిలాయి. సింహాద్రమ్మ గారు ముందుకొచ్చింది.

"నానే బాబూ. కొత్త నాగలొచ్చినా, నీళ్ళ మోటారొచ్చినా దేవుడి గూట్లో పెట్టి పసుపూ బొట్టూ ఎట్టకుండా మాము వాడం. మావోడి సదువు గదా, బాగుండాలని ఎట్టినాను. ఆ పక్కన బంగారంలాగ మెరుస్తంటే అదే దాని ముకమనుకున్నాను. అది అరిసిన కాణ్ణుంచి నా వల్లే పోనాదేమోనని... కొత్తమ్మ తల్లికి మొక్కుకున్నాను బాబూ. ఆడికి సెప్పడానికి నోరు రాలేదు" అని ఏడ్చేసింది.

"నాను తువ్వాలుతో తుడిచీసినాను గదా సార్!" అన్నాడు తవిటినాయుడు. అన్నాక తనేమన్నాడో తెలిసి ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ఆ తడి పసుపునే తువ్వాలుతో పళ్ళ నిండా రాసి, రెండు గాడుల్లోకీ దింపాడన్నమాట. పాత ముక్కకి కూడా అక్కడి నుంచే అంటింది.

అందరం సూర్యం వైపు చూశాం. ఆయన పెదవులు వణికాయి. ఏడుస్తున్నాడనుకున్నాను, నవ్వుతున్నాడు. "పసుపెట్టినావు, కుంకమెట్టినావు. ఇంక పోపెట్టడమే తరువాయేటమ్మా?" అన్నాడు. ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. "ఇన్ని రోజులు నీలో నువ్వే పెట్టుకున్నావేటి? సెప్తే నానేటి కొడతానా?" అని చెయ్యి చాపి ఆవిడ కోసం వెతికాడు.

రబ్బరుతో బంగారు పళ్ళు మెల్లిగా రుద్దాను. పట్నాయక్ గారి ఖద్దరు ముక్కని పలచటి అట్టకి చుట్టి, స్పిరిట్‌లో ముంచి గాడిలో ఆడించాను. బట్ట పచ్చగా వచ్చింది. మళ్ళీ ముంచాను, మళ్ళీ పచ్చగానే వచ్చింది. ఆరనిచ్చి, నా సంచీలోని మంచి ముక్క పెట్టి ఆన్ చేశాను. పొడుగు కూత. సింహాద్రమ్మ గారు గోడకి చేరబడిపోయింది. నాకు ఫోన్‌లో ఇచ్చిన మాట గుర్తొచ్చింది. టెక్కలి షాపువాడు చెప్పిందే నిజమైతే?

తొందరపడకూడదని నాకు నేనే చెప్పుకున్నాను. కరెంటు తీగ పీకి, ముక్క మళ్ళీ తీసి, కుంచెతో గాడి మూలలు గీకి, బట్ట తెల్లగా వచ్చేదాకా తుడిచాను. ఈసారి బాగా ఆరేదాకా ఆగాను. ముక్క పెట్టి నొక్కాను. టక్. బటన్ నొక్కాను. చిన్న కూత ఒక్కటి వినిపించి, ఫ్యాను తిరిగి, తెర వెలిగింది. ఆ తర్వాత ఆయన పాత ముక్క, ఆ తర్వాత కొత్తది, ఒక్కొక్కటిగా పెట్టి చూశాను. రెండూ లేచాయి.

"బొట్టు పెట్టడం మానొద్దమ్మా. పెట్టెకి బయట, ఇదిగో, ఈ పక్కన పెట్టండి" అని చూపించాను. "ఇంక నాను దాని జోలికే రాను బాబూ" అని రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. సూర్యం ఆ పరీక్ష నెగ్గాడు. ఇప్పుడు ఒక హైస్కూల్లో సోషల్ చెబుతున్నాడు. అప్పుడప్పుడూ ఫోన్ చేసి నా ఆరోగ్యం అడుగుతాడు. కానీ నాకు బాగా గుర్తుండిపోయింది ఆ ఉద్యోగం సంగతి కాదు, ఆ మధ్యాహ్నమే.

కంప్యూటరు పూర్తిగా లేచాక అందులోంచి గొంతు వచ్చింది. గదిలో అందరం బల్ల చుట్టూ చేరాం. పక్కింటివాళ్ళు కూడా గుమ్మంలోకి వచ్చారు. సూర్యం వేళ్ళు మీటల మీద పరిగెత్తాయి. ఆ గొంతు వేగం పెంచాడు, ఇంకా పెంచాడు. మాకెవరికీ ఒక్క ముక్క అర్థం కాని వేగం. ఆయన మాత్రం తల కొంచెం పక్కకి వంచి, హాయిగా వింటున్నాడు. తవిటినాయుడు పక్కన చేరి, "ఇంతకీ ఎక్కడ తేడా వచ్చిందంటే బావా..." అని మొదలెట్టాడు.

సూర్యం ఇటు తిరగను కూడా తిరగలేదు. "బావా, ఇంక అందరూ ఎల్లండి. నాను సదూకోవాలి. సార్, మీరు కూడానూ" అన్నాడు.

"ఒరే, పెద్దోరితో అలగేనా మాటాడ్డం!" అంటూ వాళ్ళమ్మ నన్ను బయట అరుగు మీదికి తీసుకొచ్చి, అన్నం తినే వెళ్ళాలని ఆకు వేసింది. లోపల ఆ గొంతు గబగబా చదువుకుంటూ పోతోంది. ఆవిడ వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగి, ఆ గది వైపు చూసింది.

"ఈ వారమంతా ఈదీదీ తిరిగినాను బాబూ, మావోడికి రెండు పేజీలు సదివి పెట్టండని బతిమాలుకుంటూ. ఇప్పుడు సూడండి. ఎల్లిపొమ్మన్నాడు బాబూ! మనందరినీ ఎల్లిపొమ్మన్నాడు!" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, పడీ పడీ నవ్వింది.